వ్యాధి రాకను ముందుగా కనిపెట్టుట

అంటువ్యాధి ఒక ప్రాంతమున అడుగిడిన దినమునకును, అది వచ్చినదని ఆ ప్రాంతమువారు గ్రహించిన దినమునకును నడుమ కొంత వ్యవధి ఉండును. ఆ వ్యవధిలో రోగి తన పనులు తాను చేసికొనుచునే యుండును. సంతకు పోవును, పెండ్లికి పోవును, బంధువుల యింట పరుండును. ఆసుపత్రిలో చేరినను, అతని ప్రక్కన కూర్చున్నవారికి ఎట్టి జాగ్రత్త అవసరమో తెలియదు. ఒక్కరు ఇద్దరగుట, ఇద్దరు పదుగురగుట ఈ వ్యవధిలోనే జరుగును. మందులును, ఆసుపత్రులును ఆ వ్యవధి ముగిసిన పిమ్మట మనకు అక్కరకు వచ్చును. ఆ వ్యవధినే తగ్గించు విద్య వేఱొకటి కలదు. నేటి మా ప్రసంగమునకు అదియే విషయము.

ప్రభుత్వపు కాగితములలో దీనిని 'వ్యాధి నిఘా' అని వ్రాయుచున్నారు. నిఘా యనగానే మనకు పోలీసువారును, దొంగలును జ్ఞప్తికి వత్తురు. ఇందు కనిపెట్టబడునది రోగమే గాని రోగి కాడు. జొన్నచేనికి మంచె వేసినట్లుగా దీనిని భావించుట మేలు. మంచె మీద కూర్చున్నవాడు పిట్టను పట్టడు; పిట్టలు వ్రాలిన మూలను చూచి కేక వేయును. కేక విన్నవారు ఆ మూలకు పరుగెత్తవలయును. చూచుట, చెప్పుట, చెప్పినదానిని వెనుకటి లెక్కతో పోల్చుట, వెంటనే కదలుట - ఈ నాలుగును కలిసినప్పుడే అది కాపు అగును. వీనిలో పోల్చుట యనునది మిక్కిలి ముఖ్యమైనది. ఏటేట తొలకరి దినములలో ఒక మండలమున ఎందఱకు జ్వరము వచ్చుచుండునో తెలిసియున్నగాని, ఈ యేడు వచ్చినది అధికమో కాదో నిర్ణయింపజాలము.

పూర్వము మద్రాసు రాజధానిలో గ్రామమునసబు జనన మరణములను పట్టీలో వ్రాసి తాలూకా కచ్చేరికి పంపుచుండెను. ఆ లెక్కలు చరిత్రకు ఉపకరించినవి. కాని ఆ యూరివారికి ఉపకరించినది స్వల్పము. ఏలయనగా మరణములను లెక్కించుట యనగా రోగమును దాని వెనుకనుండి చూచుటయే. రోగమును ఎదురుగా చూడవలెనన్న మరణముకంటె ముందు కనబడు గుఱుతులను పట్టుకొనవలయును. అట్టి గుఱుతులు ఒక్కొక్కసారి మనుష్యులలో గాక మృగములలో కనబడుట కలదు.

1957వ సంవత్సరమున, నాటి మైసూరు రాష్ట్రములోని షిమోగా జిల్లా అడవులయందు కోతులు చచ్చి పడియుండుట కనబడెను. కొండముచ్చులును, ఎఱ్ఱమూతి కోతులును చెట్ల క్రింద పడియుండగా అడవి అంచులలోని పల్లెలవారు చూచిరి. అదే కాలమున అడవికి పోయివచ్చిన మనుష్యులకు తీవ్రజ్వరములు వచ్చుచుండెను. పల్లెవారు ఈ రెంటిని ముడిపెట్టి తమ భాషలో దానికి 'కోతి జబ్బు' అని పేరు పెట్టిరి. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రమువారు వచ్చి చూచిరి. కోతులు చచ్చుటను బట్టి, ఆఫ్రికా ఖండమునందలి ఎల్లో ఫీవర్ అను పచ్చజ్వరము మన దేశమునకు వచ్చినదేమో యను భయము వారికి మొదట కలిగెను. పరిశోధింపగా అది పచ్చజ్వరము కాదనియు, లోకము అంతవఱకు ఎఱుగని క్రొత్త వైరస్ అనియు, గోమారుల కాటుచే వ్యాపించుననియు తేలెను. అది దొరకిన క్యాసనూరు అడవి పేరే ఆ రోగమునకు నిలిచినది. నేటికిని ఆ ప్రాంతములలో చచ్చిన కోతి కనబడిన వెంటనే ఆరోగ్యశాఖకు తెలుపుట, ఆ చోటికి సిబ్బంది పోయి చూచుట ఆచారమై యున్నది. ఇచ్చట శాస్త్రజ్ఞులకంటె ముందుగ చూచినవారు పల్లెవారు. చూచినదానిని త్రోసిపుచ్చక విన్నవారు శాస్త్రజ్ఞులు. రెండును జరిగినవి గనుకనే రోగము బయటపడినది.

ఇక మన యింటి సంగతి చెప్పుకొందము. 2003వ సంవత్సరమున జూన్ మొదలుకొని సెప్టెంబరు వఱకు, నాటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యముగ నేటి తెలంగాణలోని కరీంనగర్, వరంగల్ ప్రాంతములలో, చిన్నపిల్లలకు హఠాత్తుగా జ్వరము తగిలి, వాంతులు, మూర్ఛలు వచ్చి, స్పృహ తప్పుచుండెను. పెక్కుమంది పిల్లలు ఆసుపత్రిలో చేరిన ఒకటి రెండు దినములలోనే మరణించిరి. 329 మంది పిల్లలకు వ్యాధి సోకగా 183 మంది చనిపోయిరి. మెదడువాపు అనగానే మన ప్రాంతమున మొదటి అనుమానము జపనీస్ మెదడువాపు మీదికి పోవును. పరీక్షలలో అది కాదని తేలెను. పూనాలోని జాతీయ వైరస్ సంస్థవారు పరిశోధించి అది చాందీపుర వైరస్ అని నిర్ణయించిరి. ఆ వైరస్ క్రొత్తది కాదు. 1965లోనే నాగపూరు సమీపమునగల చాందీపుర గ్రామమున జ్వరపడినవారి రక్తములో అది దొరకియుండెను. ఇసుక ఈగ యను చిన్న రెక్కలపురుగు దానిని మోసికొని వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దొరకిన ముప్పదియెనిమిది సంవత్సరములకు అది మన పిల్లల మీద విరుచుకొని పడెను. మరుసటి యేడు గుజరాతున కనబడెను. 2024లో మఱల గుజరాతున అనేకమంది పిల్లలను బలిగొనెను.

ఈ కథవలన రెండు పాఠములు కలవు. మొదటిది: రోగము పేరు తెలిసిన పిమ్మటనే రిపోర్టు వ్రాయుదమని కూర్చున్నచో వ్యవధి మించిపోవును. పల్లెలోని ఆరోగ్య కార్యకర్తకు చాందీపుర వైరస్ పేరు తెలియనక్కఱలేదు. 'నాలుగేండ్ల పిల్ల, జ్వరము, మూర్ఛ, ఫలాని పల్లె, ఫలాని తేది' - ఇంతమాత్రము ఆమె ఆనాడే వ్రాసి పంపగలదు. అట్టి చీటీలు నాలుగు పల్లెలనుండి వచ్చి ఒకచోట చేరినప్పుడు, పేరు తెలియకున్నను ప్రమాదము తెలియును. రెండవది: రోగమునకు జిల్లా సరిహద్దులును, రాష్ట్ర సరిహద్దులును లేవు. ఒక్కొక్క ఆసుపత్రిలోని డాక్టరుకు కనబడునది ఇద్దఱో ముగ్గురో పిల్లలు. నాలుగు జిల్లాల లెక్కలను ఒక్క బల్లమీద పఱచి చూచినవారికి గాని దాని స్వరూపము కనబడదు. ప్రాంతీయముగ కనిపెట్టుట యనగా ఇదియే.

ముందుగా గుర్తించుటకును, గుర్తింపలేకపోవుటకును గల భేదమును ఒకే రోగము రెండు చోట్ల మనకు చూపినది. 2001వ సంవత్సరము మొదట పశ్చిమ బెంగాలులోని సిలిగురి పట్టణమున ఒక మెదడువాపు జ్వరము బయలుదేఱెను. 66 మందికి సోకగా 45 మంది మరణించిరి. రోగులలో పెక్కుమంది ఆసుపత్రులలోనే అంటించుకొనినవారు. పరిచర్య చేసినవారు, పరామర్శకు వచ్చినవారు. అది నిపా వైరస్ అని తేలుటకు ఏండ్లు పట్టెను. 2018వ సంవత్సరము మే నెలలో కేరళలోని కోళికోడ్ జిల్లాలో అదే నిపా వచ్చెను. ఒక కుటుంబమున ఒక యువకుడు మే 5వ తేదీన మరణించెను. అతనిది ఏ రోగమో ఎవరికిని తెలియలేదు. కొన్నాళ్లకు అతని సోదరుని అవే లక్షణములతో వేఱొక ఆసుపత్రికి తెచ్చిరి. అచ్చటి డాక్టర్లు రోగి ఒక్కని చూచి యూరకుండలేదు. ఇంటిలో ఇంకెవరికైన ఇట్లున్నదా యని అడిగిరి. ఒక సోదరుడు పోయినాడనియు, తండ్రికిని, మేనత్తకును అవే లక్షణములు కలవనియు తెలిసెను. వెంటనే నమూనాలను మణిపాల్‌లోని వైరస్ పరిశోధనశాలకు పంపిరి. మే 20వ తేదీకి పూనానుండి నిర్ధారణ వచ్చెను. రోగులతో మెలగిన రెండువేలమందికి పైగా మనుష్యులను వెదకి కనిపెట్టిరి. అప్పటికే 17 మందికి మృత్యువు తప్పలేదు. మొదటి రోగికి పరిచర్య చేసిన నర్సు వారిలో ఒకరు. అయినను కొన్ని వారములలో వ్యాధి ఆగిపోయెను. మరుసటి యేడు ఎర్నాకులమున ఒక విద్యార్థికి నిపా సోకగా, ముందే గుర్తించుటచే అతడును బ్రదికెను, అతనినుండి మఱియొకరికిని అంటలేదు. రోగము అదే, దానికి తగిన మందు లేకుండుటయు అదే. మాఱినది ఒక్క ప్రశ్న - 'ఇంటిలో ఇంకెవరికైన ఇట్లున్నదా?' అనునది.

ఇంతటి ప్రశ్నను ప్రతి డాక్టరును అడుగునట్లు చేయుట ఎట్లు? దీనికి చిత్తూరు జిల్లాను ఆనుకొనియున్న ఉత్తర ఆర్కాటు ప్రాంతమున ఒక చక్కని ప్రయత్నము జరిగినది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టరు టి. జాకబ్ జాన్ మొదలగువారు, జిల్లా ఆరోగ్యశాఖతో కలిసి, అచ్చటి డాక్టర్లకు అచ్చువేసిన పోస్టుకార్డులు పంచిరి. రోగముల పేర్లు కార్డుమీదనే యుండును. ప్రభుత్వ డాక్టరైనను, ప్రైవేటు డాక్టరైనను, అట్టి రోగిని చూచిన నాడు గుఱుతు పెట్టి తపాలాలో వేయుటయే పని. వచ్చిన కార్డులను ఒకచోట చేర్చి, అవసరమైనచోటికి సిబ్బందిని పంపుచుండిరి. అంతటితో ఊరకుండక, జిల్లాలో ఎక్కడ ఏ రోగము కనబడినదో ఒక పత్రికగా అచ్చువేసి, కార్డు వ్రాసిన డాక్టర్లకే మఱల పంపుచుండిరి. ఈ పథకపు ఆంగ్లనామములోని పొడి అక్షరములను కూర్చిన 'నది' యను మాట వచ్చును. తరువాత కేరళలోని కొట్టాయం జిల్లాలో గూడ ఈ పద్ధతిని అవలంబించిరి. ఇందలి మర్మము పోస్టుకార్డులో లేదు, ప్రత్యుత్తరములో ఉన్నది. వ్రాసిన చీటీ ఏ బీరువాలో పడినదో తెలియనివాడు రెండవ చీటీ వ్రాయడు. తన చీటీవలన ఒక వీధి నీటిగొట్టము బాగుపడినదని తెలిసినవాడు ఎవరును అడుగకయే మూడవది వ్రాయును.

మఱియొక పాఠము పోలియో నేర్పినది. 1997లో ప్రారంభమైన జాతీయ పోలియో నిఘా పథకము క్రింద, పదునైదేండ్ల లోపు పిల్లలలో ఎవరికైన హఠాత్తుగా కాలో చేయో చచ్చుబడిన, అది పోలియో యని తోచినను తోచకున్నను తెలుపవలయుననిరి. ఆ బిడ్డ మలము నమూనాలను రెండింటిని, పదునాలుగు దినముల లోపల తీసి, చల్లదనము చెడకుండ ప్రయోగశాలకు పంపవలయును. పోలియో లేని దేశమున గూడ ఇతర కారణములచే లక్షమంది పిల్లలలో ఏటా ఒక్కరికైన ఇట్లు జరుగును. కాబట్టి ఒక జిల్లానుండి అట్టి వార్త ఒక్కటియు రాకున్న, ఆ జిల్లా ఆరోగ్యముగ నున్నదని సంతోషింపరాదు. ఆ జిల్లా నిద్రించుచున్నదని తెలిసికొనవలయును. రోగి లేని వారమున గూడ 'ఎవరును లేరు' అని వ్రాసి పంపుట నియమముగ చేసిరి. ఏమియు వ్రాయని కాగితము వేఱు, సున్న వ్రాసిన కాగితము వేఱు. మొదటిది అశ్రద్ధ, రెండవది సాక్ష్యము. ఇట్టి సాక్ష్యములే లక్షలుగా చేరి, 2011 జనవరి 13వ తేదీన హౌరా జిల్లాలోని ఒక పసిబిడ్డకు సోకినదే మన దేశమున సహజ పోలియో వైరస్ కలిగించిన కడపటి వ్యాధి యని నమ్ముటకు ఆధారములైనవి. 2014 మార్చి 27వ తేదీన ఆగ్నేయ ఆసియా ప్రాంతము పోలియో లేనిదని ధ్రువపత్రము లభించెను.

అయితే వార్త చెప్పినవారికి కీడు కలుగునెడల ఎవరును చెప్పరు. 1994వ సంవత్సరమున మహారాష్ట్రలోని బీడ్ జిల్లా పల్లెలలో ఎలుకలు చచ్చి పడిన వార్తలు వచ్చెను. సెప్టెంబరులో సూరతు పట్టణమున ప్లేగు అను పుకారు పుట్టగనే లక్షలమంది రైళ్లలోను, బస్సులలోను ఊరు విడిచిరి. నేతపని చేసికొని బ్రదుకు తెలుగువారు ఆ పట్టణమున ఎందఱో కలరు. ఆ భయము మన జిల్లాల వఱకు వచ్చెను. విదేశములు మన విమానములను, సరకులను ఆపివేసెను. రోగమువలన చచ్చినవారు పదుల సంఖ్యలో ఉండగా, భయమువలన నష్టపోయినవారు లెక్కకు మించిరి. ఇట్టి నష్టమును చూచిన అధికారి మరుసటిసారి నోరు మెదపుటకు వెనుకాడుట సహజము. మన యిండ్లలో గూడ అంతే. పిల్ల పెండ్లి ఆగునని క్షయను దాచువారు, ఇరుగుపొరుగు వెలివేయుదురని జ్వరమును దాచువారు నేటికిని కలరు. రోగము చెప్పినవానిని వెలివేసిన ఊరు, తన మంచెను తానే కూల్చుకొనుచున్నది.

దేశముల నడుమను ఇట్లే జరిగినది. 2002 నవంబరులో దక్షిణ చైనాలో సార్సు అను శ్వాసకోశవ్యాధి పుట్టగా, ప్రపంచ ఆరోగ్య సంస్థకు వార్త చేరినది 2003 ఫిబ్రవరిలో. అది అణగులోపల ఎనిమిదివేలమందికి సోకి, 774 మందిని చంపెను. ఆ అనుభవముచేతనే అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను తిరుగవ్రాసి, 2007 జూన్‌నుండి అమలులోనికి తెచ్చిరి. అంతర్జాతీయ ప్రమాదము కాదగినదని తేల్చుకొనిన యిరువదినాలుగు గంటలలో దేశములు వార్త తెలుపవలయునని అందున్నది. మెకాంగ్ నది పరివాహక ప్రాంతమునందలి ఆరు దేశములు అంతకుముందే, 2001లో, సరిహద్దు జిల్లాల వ్యాధి వార్తలను ఒండొరులకు తెలుపుకొనునట్లు ఒడంబడిక చేసికొనియుండెను.

మన దేశమున సమీకృత వ్యాధి నిఘా పథకము 2004 నవంబరులో ఆరంభమయ్యెను. మొదటి విడతలో చేరిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇందు మూడు విధములైన పత్రములు కలవు. ఆరోగ్య కార్యకర్త తాను చూచిన లక్షణములను ఒకదానిలో వ్రాయును. డాక్టరు తాను అనుమానించిన రోగమును ఇంకొకదానిలో వ్రాయును. ప్రయోగశాలవారు పరీక్షలో తేలినదానిని మూడవదానిలో వ్రాయుదురు. మొదటిది వేగము గలది, నిశ్చయము లేనిది. మూడవది నిశ్చయము గలది, వేగము లేనిది. మూడును కలిసిననే పని జరుగును. వారమున కొకసారి పోవు ఈ లెక్కలు, 2021నుండి సమగ్ర ఆరోగ్య సమాచార వేదిక ద్వారా, ఏనాటికానాడే చేరునట్లు ఏర్పాటు జరిగినది.

కనిపెట్టవలసినవి క్రిములు మాత్రమే కావు. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున ఆఱువందలమందికి పైగా ప్రజలు ఉన్నట్లుండి మూర్ఛవచ్చి పడిపోయిరి. ఒకరినుండి ఒకరికి అంటినట్లు కనబడలేదు. రోగుల రక్తమున సీసము, నికెల్ అను లోహములు కనబడెను. అప్పుడు పరీక్షింపవలసినవి నీరు, పాలు, కూరగాయలు అయ్యెను. అదే సంవత్సరమున హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు నగరపు మురుగునీటిని పరీక్షించి, ఆసుపత్రుల లెక్కలకు అందని కోవిడ్ సోకినవారు మిక్కిలి అధికముగ నున్నారని అంచనా వేసిరి. మురుగునీరు రోగి పేరు చెప్పదు, ఇల్లు చూపదు. అయినను పేట సంగతి చెప్పును.

ఇంత వ్యవస్థ కలిగియుండియు, దాని మొదటి కన్ను గృహస్థుని కన్నే. ఒకే వారమున వీధిలోని మూడిండ్లలో ఒకే తీరు జ్వరము వచ్చినను, తెల్లవాఱులోపల పలువురకు వాంతులు విరేచనములు పట్టినను, దొడ్డిలో కోళ్లు, చెట్లమీద కాకులు, అడవిలో కోతులు గుంపుగా చచ్చినను, నీటి రుచి మాఱినను, అది మన యింటి విషయము మాత్రమే కాదు. ఆశా కార్యకర్తకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో ఆనాడే చెప్పవలయును. అది ఏమియు కాదని తేలిననుసరే, చెప్పినవారికి చిన్నతనము లేదు. మంచె మీదివాడు పది కేకలలో తొమ్మిది గాలి కదలికకే వేసినను, పదియవ కేక పంటను నిలుపును. చెప్పిన నాలుగు దినములకు పోయి, 'మేము చెప్పినదానికి ఏమి చేసితిరి?' అని అడుగుట గూడ మన హక్కు. సమాధానము చెప్పుట ప్రభుత్వపు విధి.

కరీంనగర్, వరంగల్ ప్రాంతములలో ఆ వర్షాకాలమున బిడ్డలను పోగొట్టుకొనిన తల్లులకు ఏ శాస్త్రమును ఏమియు తిరిగి ఈయజాలదు. మఱియొక యూరిలో మొదటి బిడ్డకు జ్వరము తగిలిన నాడే రెండవ బిడ్డను కాపాడు ప్రయత్నము మొదలగునట్లు చేయుట మన చేతిలోని పని. అందులకు కావలసినది ఒక కన్ను, ఒక చీటీ, దానిని చదివి కదలు ఒక మనిషి.